కొండకలువల కింద

కరివేపాకు మొక్క కొందామని పోయిన నెల మా కోడలితో కలిసి బైపాసు పక్కనున్న నర్సరీకి వెళ్లాను. మొక్క దొరికింది. తిరిగి వస్తుంటే నల్ల ప్లాస్టిక్ సంచుల వరసలో ఒకటి నా కంట పడింది. అందులో మట్టి తప్ప ఏమీ లేదు. ఆకు లేదు, కాడ లేదు. ఆ ఉత్త మట్టిలోంచి, ఎవరో ఎక్కడో కోసుకొచ్చి అక్కడ గుచ్చి పోయినట్టు, ఒక్క పువ్వు. పై రెండు రేకులు తెల్లగా నిలబడి ఉన్నాయి, కింది రెండు లేత ఊదా రంగులో వాలి ఉన్నాయి. వంగి చూడబోయి, వంగలేక, పక్కనున్న సిమెంటు దిమ్మె మీద కూర్చున్నాను. "ఇండియన్ క్రోకస్ అంటారమ్మా, ఈమధ్య బాగా అడుగుతున్నారు" అన్నాడు నర్సరీ ఆయన. క్రోకస్ అంటే మంచు దేశాల్లో చలి పూర్తిగా పోకముందే నేలలోంచి పొడుచుకొచ్చే అడవి పువ్వట. దీనికీ దానికీ చుట్టరికం లేదు గానీ, ఇది కూడా ఆకు కంటే ముందే పూస్తుంది కనక ఆ పేరు పెట్టారట. "కొందామా అత్తయ్యా?" అంది కోడలు. వద్దన్నాను. "అంతసేపు చూశారు కదా" అంది. "మా ఇంట్లో ఉండేది" అని ఊరుకున్నాను. ఇల్లు చేరేదాకా ఆ అమ్మాయి నా మొహం వంక చూస్తూనే ఉంది గానీ మళ్లీ అడగలేదు. అడిగినా, కారులో కూర్చుని చెప్పగలిగిన సంగతి కాదు అది.

మా ఊరు నెల్లూరు జిల్లా ముత్తుకూరుకు తూర్పున. ఊరికి పడమటి వైపు వరి పొలాలు, తూర్పు వైపు సముద్రం దాకా ఇసుక. మా ఇల్లు ఆ రెండూ కలిసేచోట ఉండేది. ముందు గుమ్మంలో నిలబడితే బురద వాసన, పెరటి గుమ్మంలో నిలబడితే ఉప్పు వాసన. తూర్పుగాలి తిరిగిన సాయంకాలాల్లో ఎండుచేపల వాసన కూడా వచ్చేది. మా నాయనమ్మను నేను అవ్వ అనేదాన్ని. అవ్వ చీరచెంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని, ఆ చెంగు వెనకే వక్కాకు నములుతూ, గాలి మళ్లిందని చెప్పేది. సముద్రం మాకు కనిపించేది కాదు, వినిపించేది. ఇంట్లో మాటలు ఆగిన ప్రతిసారీ, పొయ్యి మీద ఎసరు కాగుతున్నట్టు సన్నగా ఒక మోత. కొత్తగా వచ్చిన చుట్టాలు అదేమిటని అడిగేవాళ్లు. ఆ మోత లేకుండా మేము ఎప్పుడూ ఉండలేదు కనక, ఏ మోత అని మేము వాళ్లను అడిగేవాళ్లం.

పెరడంతా ఇసుకే. ఆ ఇసుకలో మనిషి లోతు గొయ్యి తీస్తే తియ్యటి నీళ్లు ఊరేవి. అలాంటి గుంటను మా వైపు దొరువు అంటారు. కడవ చంకన పెట్టుకొని ఏటవాలు గట్టు మీదుగా నీళ్ల దాకా దిగి, ముంచుకొని పైకెక్కాలి. దొరువు చుట్టూ అరటి, వంగ, మిరప, కనకాంబరం ఉండేవి. వాటికి ఎవరు నీళ్లు పోసినా సరే. ఉత్తరపు కంచె వారన మాత్రం ఒక చిన్న మడి ఉండేది. దానికి అమ్మ తప్ప ఇంకెవరూ నీళ్లు పోయకూడదు. ఆ పక్కకు కోళ్లు పోకుండా చుట్టూ తుమ్మకంప అడ్డం పెట్టి ఉండేది.

ఆ మడి వేసింది అవ్వే. ఆమె పుట్టిల్లు వెలుగొండల కింద. పెళ్లయి ఈ ఇసుకలోకి వచ్చేటప్పుడు కొండల్లో దొరికే కొన్ని దుంపలు మూటలో తెచ్చుకుంది. వాపులకూ దెబ్బలకూ ఆ దుంప నూరి పట్టు వేస్తారు. కొండకలువ అనేది అవ్వ దాన్ని. కలువకూ దానికీ పోలికేమీ లేదు. చలికాలమంతా ఆ మడిలో ఏమీ ఉండదు. ఆకులు పండి, కుళ్లి, మట్టిలో కలిసిపోతాయి. తెలియనివాళ్లయితే అక్కడ గుంజ పాతుకుంటారు, అంత బోడిగా ఉంటుంది. ఎండలు మొదలై, ఇంకా ముదరకముందు, ఒక పొద్దున మట్టి చిన్నగా పగులుతుంది. మర్నాటికి పువ్వు. తెల్లవారగానే విచ్చుకొని, పొద్దు నడినెత్తికి వచ్చేసరికి తడిసిన కాగితంలా నేలకు అంటుకుపోయేది. మాలకు రాదు, తలలో నిలవదు, దేవుడికి పెడదామన్నా కోసిన చేతిలోనే వాడిపోతుంది. వాసన మాత్రం కర్పూరం కలిపిన నీళ్ల వాసన. పువ్వులన్నీ అయిపోయాక, పూత కాలం మర్చిపోయాక, అప్పుడు ఆకులు వచ్చేవి. పైన వెండి చారలు, వెనక వంకాయ రంగు.

కొండ మొక్కను సముద్రపు ఒడ్డున బతికించడానికి అవ్వ చాలా కష్టపడింది. చేలోని మట్టి గంపలతో మోయించి, ఇసుకతో కలిపి, పాత పేడ వేసి, మడిని మోకాలి ఎత్తు లేపింది. మాకు పెద్ద వానలు కార్తీకంలో పడతాయి. సరిగ్గా ఆ దుంపలు నిద్రపోయే వేళకు నేల చిత్తడి అయిపోతుంది. అందుకని మబ్బు పట్టగానే మడి మీద తాటాకులు ఇంటికప్పులాగా వాలుగా కప్పించేది. "కొండలో అయితే నీళ్లు జారిపోతాయి మే, ఈడ నిలబడతాయి. నిలబడితే కన్ను కుళ్లిపోద్ది" అని అమ్మకు చెప్పేది. కన్ను అంటే దుంప మీద మొలక వచ్చే చోటు. అమ్మ ఆ మాటలన్నీ మందు తాగించే వేళలు చెబుతున్నట్టు వినేది. ఎందుకంటే అమ్మ నీళ్లు పోస్తున్నది పూలకు కాదు.

నాకంటే ముందు అమ్మకు ముగ్గురు పుట్టి పోయారు. మొదట ఒక అన్న, నెల తిరగకముందే. తర్వాత ఒక అక్క, పాకడం నేర్చుకొని. తర్వాత ఇంకో అన్న, పుట్టిన పూటే. పసిబిడ్డలను మావాళ్లు కాల్చరు, పూడుస్తారు. ముగ్గురినీ ఉత్తరపు కంచె వారనే పెట్టారు. ఎవరూ తొక్కకుండా, తవ్వకుండా అవ్వ పైన కొండకలువ వేసింది. నాకు ఈ సంగతి ఎవరో ఒక రోజున కూర్చోబెట్టి చెప్పినట్టు గుర్తు లేదు. ఇంట్లో దూలం ఎక్కడుందో, గుమ్మం ఎంత ఎత్తో తెలిసినట్టు తెలుసు.

నేను దక్కాలని నా పేరు కుప్పమ్మ అని పెట్టారు. పుట్టగానే నన్ను చేటలో వేసి పెంటకుప్ప మీద పెట్టారు. కంచె అవతల ఉండే ఎస్తేరమ్మ దారిన పోతున్నట్టు వచ్చి, "ఎవరి బిడ్డో, నాకు దొరికింది" అని ఎత్తుకుంది. అమ్మ చేటెడు తవుడిచ్చి నన్ను ఆమె దగ్గర కొనుక్కుంది. ఇది ఎవరూ కోరని బిడ్డ, మా బిడ్డ కాదు అని చావుకు నమ్మకం కలిగించడానికి చేసే పని అది. ఎస్తేరమ్మవాళ్లు క్రైస్తవులు. ఆమెకు ఈ తంతులో నమ్మకం లేదు. అయినా మా అమ్మ కోసం చేసింది. ఆ తర్వాత జీవితమంతా నన్ను "నా బిడ్డ" అనే పిలిచింది. ఆదివారం గుడి నుంచి వస్తూ కంచె మీదుగా నన్ను పిలిచి, నెత్తి మీద చెయ్యి పెట్టి ఏదో మెల్లగా చెప్పుకునేది.

పూత కాలంలో అమ్మ దినచర్య మారిపోయేది. కళ్లాపి చల్లకముందే, జుట్టు ముడి వేసుకోకుండానే, మడి దగ్గరికి వెళ్లి గొంతుక్కూర్చునేది. పువ్వులు ఎన్ని పూశాయో చూసేది కాదు, ఎక్కడ పూశాయో చూసేది. మడిలో తూర్పు కొస పెద్దన్నది, నడిమిది అక్కది, పడమటిది చిన్నన్నది. "మీ అక్క ఈయేడు ముందుగానే వచ్చింది" అని నాతో మామూలుగా, ఊరి నుంచి ఎవరో దిగినట్టు చెప్పేది. నడిమి చోట నాలుగు రోజులు ఏమీ పూయకపోతే అన్నం సరిగా తినేది కాదు.

మా ఇంట్లో చనిపోయినవాళ్లు చనిపోయిన వయసులో ఆగిపోలేదు. ఏడాదికేడాది పెరిగారు. ఊళ్లో ఎవరి పిల్లవాడైనా మొదటిసారి మడక పడితే, అమ్మ పెరటి వైపు చూసి "మనోడు కూడా ఈపాటికి పట్టేవాడు" అనేది. నాకు పావడా గుడ్డ కొంటే, దాన్ని వేళ్ల మధ్య నలిపి చూస్తూ, అక్కకు ఈ రంగు నప్పుతుందా లేదా అని ఆలోచించేది. ఆ ఆలోచన పైకి అనేది కూడా. నాన్న మాత్రం, నేను నాయన అనేదాన్ని, ఆ మాటలు వచ్చినప్పుడల్లా లేచి బయటికి వెళ్లిపోయేవాడు. ఎడ్లకు మేత వేయాలనో, చేనుకు నీళ్లు మళ్లించాలనో చెప్పి. నాయనకు మనసు గట్టిదని అమ్మ అనుకునేది. నేనూ అదే అనుకున్నాను. ఆ మడి వైపు నాయన ఒక్కసారి కూడా వెళ్లగా నేను చూడలేదు.

తోబుట్టువులు లేని ఇంట్లో పెరిగిన పిల్లను కాను నేను. ముగ్గురు ఉన్న ఇంట్లో, వాళ్లతో ఆడుకునే వీలు లేకుండా పెరిగాను. బడి లేని మధ్యాహ్నాలు కంచె నీడలో ఇసుక మీద బోర్లా పడుకొని, నేలకు చెవి ఆనించి వినేదాన్ని. నేలలోంచి కూడా ఆ సముద్రపు మోత వచ్చేది, పైన వినిపించేదాని కంటే దగ్గరగా, ఎవరో గొంతు లోపల మాట్లాడుకుంటున్నట్టు. ఒక పూట ఆ మోతలో నా పేరు విన్నాను. ఇంత వయసు వచ్చాక, చదువుకున్నాక, అది ఏమై ఉంటుందో నేను మీకు వివరించగలను. కానీ విన్నాను. పరుగెత్తుకుంటూ వెళ్లి, బియ్యం చెరుగుతున్న అమ్మతో, "అక్క నన్ను పిలిచిందిమా" అన్నాను. సంతోషిస్తుందనుకున్నాను. అమ్మ చేతిలోని చేట అలాగే ఆగిపోయింది. "నువ్వు పలికినావా?" అంది. లేదన్నాను. "పలకబాకు. ఎన్నిసార్లు పిలిచినా పలకబాకు" అంది. ఆ రోజు నుంచి నన్ను ఆ కంచె వైపు పోనివ్వలేదు. తను మాత్రం పొద్దున్నే వెళ్లేది. కానీ ఇంతకు ముందులా కూర్చునేది కాదు. నిలబడి చూసి వచ్చేసేది.

ఆ వేసవే నాకు జ్వరం తగిలింది. మడి నిండా పూలున్నాయి. మొదట మామూలు జ్వరంలానే ఉండి, తర్వాత దిగకుండా పోయింది. నాయన బండి కట్టుకొని నన్ను నెల్లూరు తీసుకుపోయి, టైఫాయిడ్ అని చెప్పించుకొని, గొట్టం మాత్రలు తెచ్చాడు. నాకు గంజినీళ్లు తప్ప ఏమీ ఇవ్వలేదు. గాలి ఆడుతుందని వెనక వసారాలో, పెరటి గుమ్మానికి ఎదురుగా మంచం వేశారు. ఎస్తేరమ్మ రోజూ వచ్చి నుదుటి మీద తడిగుడ్డ మార్చేది. జ్వరం హెచ్చినప్పుడు నేనేవో మాట్లాడేదాన్నట. ఆ మధ్యాహ్నం "వస్తన్నా, వస్తన్నా" అన్నానట. అన్న సంగతి నాకు తెలియదు. ఆ తర్వాతది మాత్రం తెలుసు, ఎందుకంటే కళ్లు తెరిచే ఉన్నాను.

ఎండలో పెరడు తెల్లగా మెరుస్తోంది. అమ్మ గోడకు ఆనించి ఉన్న పార తీసుకొని, చెప్పులు లేకుండా ఆ కాలే ఇసుకలో నడుచుకుంటూ కంచె దగ్గరికి వెళ్లింది. తుమ్మకంప కాలితో పక్కకు నెట్టింది. వాడి నేలకంటుకున్న పూల మీద మొదటి పార వేసింది. మట్టి, దుంపలు కలిసి లేచి పక్కన పడ్డాయి. మళ్లీ వేసింది. అమ్మ ఏడవడం లేదు. "పిల్లనొదిలి పెట్టండి, నాకు ఇదొక్కటే ఉండాది" అని చిన్నపిల్లలను బతిమాలినట్టు అంటోంది. ఎస్తేరమ్మ నా పక్క నుంచి లేచి గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయింది. ముందు గదిలో నడుం వాల్చిన అవ్వ ఆ చప్పుడుకు లేచి, మా ఇద్దరినీ దాటుకొని పెరట్లోకి పరుగెత్తింది. అవ్వ పరుగెత్తడం నేను అప్పుడే చూశాను.

అవ్వ పార కర్ర పట్టుకుంది. "తవ్వబాకు రత్నమ్మా. తవ్వబాకు."

"వదులు అత్తా. ముగ్గుర్నీ తీసి ఏట్లో కలిపేసొస్తా. దీన్ని కూడా పిలస్తా ఉండారు."

"వాళ్లు పిలవలేదే."

"నీకు తెలీదు. నువ్వు వినలా."

"వాళ్లు ఈడ లేరే" అంది అవ్వ.

అమ్మ ఆగింది. అవ్వ కర్ర వదల్లేదు. తల వంచుకొని, అమ్మతో కాకుండా ఆ తవ్విన గుంటతో చెబుతున్నట్టు చెప్పింది. "పెద్దోడు పోయినప్పుడు నువ్వు పురిటి గదిలో ఉండావు. అన్నం ముట్టలా. యాడ పెట్టినారు, యాడ పెట్టినారని అదే మాట. ఏటి మొగ కాడ ఇసక దిబ్బల్లో పెట్టొచ్చినాడు నీ మొగుడు. ఊరోళ్లందరూ ఆణ్ణే పెడతారు. నక్కలు తిరిగే చోటని నీకెట్ట చెప్పేది? కంచె కాడేలే, ఇంట్లోనే ఉండాడులే అన్నా. నువ్వు లేచొచ్చి చూసేలోపల ఈ దుంపలు పాతినా. పూడ్చేది తల్లి చూడగూడదని మిగతా ఇద్దరప్పుడూ నిన్ను లోపలే ఉంచినా. మొదటోడికి అట్ట చెప్పినాక, వాళ్లకీ ఇంకో మాట చెప్పలేకపోయినా."

"ముగ్గురూనా?"

"ముగ్గురూ."

అమ్మ పార వదిలేసింది. తను తవ్విన గుంటలోకి చూసింది. అందులో ఇసుక, వేళ్లకు గుండ్రంగా వేలాడే తెల్లటి దుంపలు తప్ప ఏమీ లేవు. "ఇన్నేళ్లు నేను ఎవరికి నీళ్లు పోసినాను అత్తా?" అంది.

నాకు జ్వరం దిగింది. మాత్రల వల్లేనని నాయన, ప్రార్థన వల్లేనని ఎస్తేరమ్మ, మొక్కు వల్లనని అవ్వ అనుకున్నారు. అమ్మ అవసరానికి తప్ప ఎవరితోనూ మాట్లాడటం మానేసింది. అవ్వకు వేళకు అన్నం పెట్టేది, ఒంటికి నూనె రాసేది, కాళ్లు పట్టేది. మాట మాత్రం లేదు. తవ్విన దుంపలు ఎండలో పడి ముడుచుకుంటుంటే ఎస్తేరమ్మ ఏరి, ఒక పాత బుట్టలో వేసి చూరుకు కట్టింది. గుంట గాలికి తనంతట తానే పూడిపోయింది.

అంతవరకూ మా ఇంట్లో చనిపోయినవాళ్లకు ఒక చోటు ఉండేది. చుట్టూ కంప వేసిన చోటు. ఆ మధ్యాహ్నం నుంచి వాళ్లు ఇంటి నిండా తిరగడం మొదలుపెట్టారు. అమ్మ వంట చేస్తూ చేస్తూ వెనక్కి తిరిగి చూసేది. నడుస్తూ గుమ్మంలో ఆగి, ఎవరికో దారి ఇచ్చినట్టు పక్కకు తప్పుకునేది. నేల అలకడానికి ఇసుక తెస్తే, ఎక్కడి నుంచి తెచ్చారని అడిగేది. ఇసుక ఎక్కడిదైనా కావచ్చు, మా ఊళ్లో అంతా ఇసుకే. నేను కూడా ఆ దారి ఇవ్వడం నేర్చుకున్నాను. ఇప్పటికీ చీకటి గదిలోకి వెళ్లేముందు ఒక్క క్షణం ఆగుతాను. పడిపోతానని భయమేమో అనుకొని మా అబ్బాయి గోడ పట్టుకోమంటాడు.

నాట్లు అయిపోయాక, వానలు ఇంకా రాకముందు, ఒక పూట అన్నాల దగ్గర అమ్మ నాయనను అడిగింది. "యాడ?" అంది, అంతే. నాయన చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు. "రేపు బండి కడతా" అన్నాడు. మర్నాడు మేం నలుగురం వెళ్లాం. అవ్వను రమ్మని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. తనే వచ్చి బండి వెనక కూర్చుంది. సరుగుడు తోపు దాటాక ఎడ్లు ఇసుకలో లాగలేక ఆగిపోయాయి. అక్కడి నుంచి నడిచాం. ఏరు సముద్రంలో కలిసేచోట దిబ్బలు, వాటి మీద ఊదా పూల తీగలు, గాలికి దొర్లే ముళ్ల గడ్డి ఉండలు. ఇంట్లో సన్నగా వినిపించే మోత అక్కడ ఎదురుగా నిలబడి అరుస్తోంది.

నాయన ముందు నడిచాడు. ఒక దిబ్బ ఎక్కాడు, దిగాడు. "ఈడ జంట తాళ్లు ఉండాల" అన్నాడు. తాటిచెట్లు లేవు. ఇంకో వైపు వెళ్లాడు. కాలితో ఇసుక కొంచెం కదిలించి చూసి, మళ్లీ సర్దాడు. అమ్మ ఆయన అడుగుల వెనకే అడుగులు వేస్తోంది. చాలాసేపు తిరిగాడు. చివరికి రెండు దిబ్బల మధ్య నిలబడిపోయి, "పోయినేడు గాలివానకి దిబ్బలు జరిగిపోయినాయి. ఏరు కూడా ఇంతకుముందు ఆ పక్కన ఉండె. నాకు తెలియలా" అన్నాడు. అని అక్కడే చతికిలబడి, తలపాగా గుడ్డ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. మనసు గట్టిదనుకున్న మనిషి.

అమ్మ ఆయన ఎదురుగా ఇసుకలో కూర్చుంది. "నాకొక్కటే చెప్పు" అంది. "బుట్టలో పెట్టి తెచ్చినావా, చేతుల్లో ఎత్తుకొనొచ్చినావా?"

"చేతుల్లోనే" అన్నాడు నాయన. "ముగ్గుర్నీ."

"అంత దూరమూనా?"

"అంత దూరమూ. ఎవుర్నీ తాకనీలా."

ఆ తర్వాత నాయన అడగకుండానే చెప్పాడు. ఎవరికి ఏ గుడ్డ చుట్టాడో, పాలు ఎలా పోశాడో. నక్కలు తవ్వకుండా మొగలి ముళ్లు కొట్టుకొచ్చి పైన పరిచాడు. అక్కను పెట్టినప్పుడు ఆమె కాలి మువ్వలు తీయబుద్ధి కాక అలాగే ఉంచేశాడు. ఆ గాలివాన రాకముందు దాకా, సున్నానికి గుల్ల తేవడానికి ఎప్పుడు సముద్రం వైపు వచ్చినా దారి మళ్లి ఇటు వచ్చి కూర్చుని వెళ్లేవాడు. ఇంట్లో ఆ మాట వచ్చినప్పుడు లేచిపోవడం ఎందుకో అప్పుడు అర్థమైంది. అందరూ కంచె వైపు చూస్తుంటే, ఆయన ఒక్కడే ఇటు చూడాల్సి వచ్చింది. అమ్మ ప్రతి మాటా వింది. మధ్యలో ఒక్కసారి ఆయన రెండు చేతులూ తన ఒళ్లోకి తీసుకొని, అరచేతులు తిప్పి చూసింది. దూరంగా అవ్వ మోకాళ్ల మీద గడ్డం ఆనించుకొని సముద్రం వైపు కూర్చుని ఉంది.

ఇంటికి వచ్చాక, నాలుగు రోజులకో వారానికో, అమ్మ చూరు కింది బుట్ట దించింది. అందులో సగం దుంపలు గుల్లబారిపోయాయి. గట్టిగా ఉన్నవి ఏరి, చేటలో పోసుకొని, వసారాలో వక్కాకు దంచుకుంటున్న అవ్వ ముందు నిలబడింది. "అత్తా, ఎంత లోతు పెట్టాల?" అంది. అన్ని నెలల తర్వాత అమ్మ అవ్వతో అన్న మొదటి మాట అది. అవ్వ దంచడం ఆపింది. "నాలుగేళ్ల లోతు" అంది, వేళ్లు చూపిస్తూ. "కన్ను పైకి చూడాల. తాటాకు ఇప్పుడే కప్పబాకు, మబ్బు పట్టినాక కప్పు." ఇద్దరూ కలిసి మడి మళ్లీ లేపారు. కింద ఎవరూ లేరని తెలిసి కూడా ఎందుకు నాటావని పెద్దయ్యాక అమ్మను అడిగాను. "ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్నది గదా, నా చేత్తో పోగొట్టేది ఎందుకు" అంది.

మరుసటి ఏడు ఆకులు తప్ప పువ్వులు రాలేదు. ఆ చలికాలంలో అవ్వ పోయింది. ఎండలు మొదలయ్యాక, ఆమె లేని మొదటి వేసవిలో, ఒక పొద్దున మట్టి పగిలింది. అమ్మ మామూలుగా కళ్లాపి చల్లి, ముగ్గు వేసి, ఆ తర్వాత వెళ్లి చూసింది. ఎవరి చోట పూసిందో చెప్పలేదు. వాళ్ల వయసులు లెక్కగట్టడం కూడా మెల్లగా మానేసింది. నేను అనుకున్నాను, అమ్మ వాళ్లను వదిలిపెట్టిందని.

ఆ ఊరు ఇప్పుడు లేదనలేను. పేరు ఉంది, బస్సు మీద రాసి ఉంటుంది. మా ఇల్లు, దొరువు, కంచె పోయి చాలా కాలమైంది. పొగగొట్టాలు ఊరికి చాలా ముందే కనిపిస్తాయి. కంపెనీ బండ్లు పోయే రోడ్డు మీద నిలబడితే ఎటు తూర్పో ఎండను బట్టి తెలుసుకోవాలి. ఏటి మొగ ఉన్న చోట ఓడలు తిరుగుతున్నాయి. అక్కడి ఇసుక తోడి ఎక్కడెక్కడో నింపారు. మా వాళ్లు ఆ ఇసుకతో పాటు ఏ గోదాము పునాదిలో ఉన్నారో, ఏ రోడ్డు కింద ఉన్నారో. అప్పట్లో బిడ్డ పోతే తల్లికి చోటు తెలియనివ్వలేదు. ఇప్పుడు చోటు తెలిసినవాళ్లకు కూడా చోటు మిగలదు. అప్పటికంటే ఇప్పుడు మేలైనవి ఎన్నో ఉన్నాయి. నా మనవరాళ్లలో ఎవరికీ కుప్పమ్మ అని పేరు పెట్టాల్సిన అవసరం రాలేదు, అది ఒక్కటే చాలు. కానీ ఇక్కడ మా మూడో అంతస్తు ఇంట్లో మాటలు ఆగితే ఏ మోతా వినిపించదు. ఆ నిశ్శబ్దానికి నేను ఇంకా అలవాటు పడలేదు.

అమ్మ చివరి రోజుల్లో నా దగ్గరే ఉంది. నాయన అంతకు ముందే పోయాడు. ఆమెకు మనుషులు గుర్తుండేవాళ్లు కాదు. ఒక సాయంకాలం పెరుగన్నం కలిపి పెడుతుంటే, నోరు తెరవకుండా నన్ను పరీక్షగా చూసి, "నువ్వు ఎన్నోదానివి?" అంది.

"నాలుగోదాన్నిమా."

"మిగతా ముగ్గురూ తిన్నారా?"

"తిన్నారు" అన్నాను. "తిని పడుకున్నారు."

అప్పుడు నోరు తెరిచింది.